గేటు తీసిన్రు సరే, లోపలికి పోయేటోడు ఎవడు?

పోస్టు పొడుగున్నది, ఒక్కసారి కూసొని చదువుండ్రి.

మొన్న పత్తి రేటు మీద గ్రూపుల మొదలైన లొల్లి అందరికీ యాదికుండే ఉంటది. ఒక అన్న రాసిండు: ప్రభుత్వం మార్కెట్ నుంచి చెయ్యి తీసేస్తే కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడతయ్, మనకు కొనేది చవక అయితది, అమ్మేదానికి రేటు పెరుగుతది, ఫోన్ డేటా చూస్తలేరా అని. దాని కిందనే ఇంకో అన్న, అన్నీ సర్కారే కొనాలె, ప్రైవేటు వ్యాపారిని తండాకు రానియ్యొద్దు అన్నడు. ఇద్దరికీ లైకులు మస్తు పడ్డయ్. బోయినపల్లి దిక్కు నుంచి వచ్చి ఈ హాస్టల్‌ల ఉంటున్న మేం నలుగురం ఆ రాత్రి కరెంటు పోయేదాకా దాని మీదనే కొట్లాడుకున్నం. చివరికి మాకు తేలిందేందంటే, రెండో అన్న సగం తప్పు, మొదటి అన్న సగం కంటె ఎక్కువ తప్పు. ఎందుకో రాస్తం. తప్పులుంటే కింద తిట్టుండ్రి, కని మొత్తం చదివినంక తిట్టుండ్రి.

మొదలు ఫోన్ ముచ్చటే తీసుకుందం, మనందరి చేతిల ఉన్నదే కదా. 2016 సెప్టెంబర్‌ల జియో వచ్చింది. అంతకుముందు ఒక్క జీబీ నెలంతా దాచుకొని వాడేటోళ్లం, ఇప్పుడు ఒక్క రోజుల ఒడిసిపోతది. ఇది అబద్ధమని మేం అనం. ఆన్‌లైన్ క్లాసులు, స్కాలర్‌షిప్ ఫారాలు, ఈ గ్రూపు కూడా ఆ చవక డేటా మీదనే బతికినయ్. కని సినిమా ఇంటర్వెల్ కాడ లేచి వచ్చి కథ చెప్తే ఎట్లుంటది? తర్వాత ఏమైందో చూడుండ్రి. ఆర్‌కామ్ మూతపడ్డది. ఎయిర్‌సెల్ 2018ల దివాలా తీసింది. టెలినార్, టాటా డొకోమో ఎయిర్‌టెల్‌ల కలిసిపోయినయ్. ఐడియా, వొడాఫోన్ 2018 ఆగస్టుల ఒక్కటైనయ్. అటీటు పది కంపెనీలున్న కాడ ఇప్పుడు మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్ఎన్ఎల్ మిగిలినయ్. అప్పటిసంది 2019 డిసెంబర్‌ల రేట్లు పెరిగినయ్, 2021 నవంబర్‌ల పెరిగినయ్, 2024 జూలైల మళ్ల పెరిగినయ్. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే జియో 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయింది. మూడు కంపెనీలూ అదే వారంల పెంచినయ్. పోటీ ఏడికి పోయింది మరి?

ఈ ముచ్చట మా ఎకనామిక్స్ సార్‌ను అడిగితే ఒక పేపర్ గురించి చెప్పిండు. ఒలివియర్ బ్లాంచార్డ్, ఫ్రాన్సెస్కో జియావాజ్జి అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2003ల రాసిన్రట. సరుకుల మార్కెట్ మీద కట్టడి తీసేస్తే మొదట ఏమైతది, కొన్నేండ్లకు ఏమైతది అనేదే వాళ్ల లెక్క. ఇంగ్లిషు, గణితం రెండూ మాకు గట్టిగనే తగిలినయ్, ఒప్పుకుంటం. సార్ విడమర్చి చెప్తే అర్థమైంది ఇది. ఉన్న కంపెనీల మధ్య పోటీ పెరిగితే రేట్లు దిగుతయ్, లాభం తగ్గుతది. లాభం తగ్గితే కొన్ని కంపెనీలు బయటికి పోతయ్. అవి పోయినంక మిగిలినోళ్లు మళ్ల రేట్లు పెంచుకుంటరు, వచ్చిన మేలు మెల్లగ కరిగిపోతది. మేలు నిలవాలంటే కొత్తోడు లోపలికి వచ్చే ఖర్చు తగ్గాలె. అంటే అసలు ప్రశ్న సర్కారు చెయ్యి తీసిందా లేదా అన్నది కాదు. గేటు తీసినంక లోపలికి పోవడానికి ఎవనికి తాకత్ ఉన్నది అన్నది.

ఇది మనసుల పెట్టుకొని పత్తి ముచ్చటకు రాండ్రి.

విత్తనాల మీద పాత చట్టం 1966ది. 1988ల కొత్త విత్తన విధానం వచ్చి పెద్ద కంపెనీలకు, బయటి దేశాల విత్తనాలకు తలుపు తెరిచింది. 1991 తర్వాత ఇంకింత తెరుచుకున్నది. 2002ల బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అప్పటికి మనల చాలామంది ఇంకా పుట్టలేదు, అందుకే ఆ రేట్లు ఇప్పుడు చెప్తే ఎవ్వరూ నమ్మరు. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయలు. అండ్ల 1,250 దాకా ఆ జన్యువు పేరు మీద మాన్‌శాంటో జాయింట్ కంపెనీకి పోయే రాయల్టీ. ఆ రోజుల్ల పత్తి మద్దతు ధర క్వింటాలుకు 2,000 కూడా లేదు. లెక్క మీరే కట్టుండ్రి: ఒక్క విత్తన ప్యాకెట్ కొనాలంటే క్వింటాలుకు కొంచెం తక్కువ పత్తి అమ్మాలె. ఎకరానికి రెండు ప్యాకెట్లు. ఇంక పంట మొలవకముందే దగ్గర దగ్గర రెండు క్వింటాళ్లు పోయినట్టే.

అప్పుడు మార్కెట్ తెరిచే ఉన్నది కదా? దుకాణంల రంగురంగుల ప్యాకెట్లు ఉండె కదా? ఉండె. కని ప్యాకెట్ మీద పేరు వేరు, లోపలున్న జన్యువు ఒక్కటే. పోటీ ప్యాకెట్‌ల ఉన్నది, గుత్తాధిపత్యం గింజల ఉన్నది. పైంగ అది హైబ్రిడ్, ఈ ఏడు కాసిన పత్తి గింజ వచ్చే ఏడు పెడితే అట్ల కాయదు. మన తాతలు విత్తనం మూట కట్టి దూలానికి వేలాడదీసేటోళ్లు. ఆ మూటతోటి ఏ కంపెనీ అయినా పోటీ పడాల్సి వచ్చేది. మూట పోయినంక రైతు చేతిల ఉన్న ఒక్క బేరం కూడా పోయింది.

రేటు ఎట్ల దిగింది? మార్కెట్ దించలేదు. 2006 జనవరిల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ కాడికి పోయింది. మే నెలల కమిషన్ ఆ రాయల్టీ తగ్గించాలె అన్నది. మన రాష్ట్రం ప్యాకెట్‌కు 750 రూపాయలు కట్టింది. 2007ల పత్తి విత్తనాల ధర మీద చట్టమే తెచ్చింది. వేరే రాష్ట్రాలు మనలను చూసి నడిచినయ్. 2015 డిసెంబర్‌ల కేంద్రం దేశమంతటికీ ధర కట్టే ఉత్తర్వు ఇచ్చింది. 2016ల బీజీ-2 ప్యాకెట్ 800, అండ్ల రాయల్టీ 49. 2020కి రాయల్టీ సున్నా, ప్యాకెట్ 730. 2025 వానాకాలానికి 901. ఇప్పుడు మళ్ల అదే లెక్క కట్టుండ్రి. 2025-26ల పొడుగు పింజ పత్తి మద్దతు ధర 8,110. ఒక్క ప్యాకెట్‌కు 11 కిలోల పత్తి చాలు. 90 కిలోల కాడ 11 కిలోలు. చెయ్యి తీసేస్తే చవక అయితది అన్న అన్నకు ఇదే మా జవాబు: అన్నా, చవక చేసింది ఆ చెయ్యే.

ఇంకో మాట కూడా దాచొద్దు. కంపెనీలు అంటరు, ధర కట్టినందుకే కొత్త విత్తనం రాలేదు అని. అండ్ల కొంత నిజమున్నది. బీజీ-2 వచ్చింది 2006ల, దాని తర్వాత మాన్‌శాంటో కొత్త జన్యువు ఏదీ మార్కెట్‌కు రాలేదు. మాన్‌శాంటో 2016ల తన తర్వాతి రకం దరఖాస్తును వెనక్కి తీసుకున్నది. ఈలోపల గులాబీ పురుగు బీజీ-1ను తట్టుకున్నట్టు 2010ల బయటపడ్డది, తర్వాత బీజీ-2ను కూడా తట్టుకున్నది. ఇప్పుడు మనం జన్యువుకు పైసలు కట్టకున్నా పురుగు మందుకు కడుతున్నం. దొంగతనంగ గడ్డిమందు పత్తి ఊర్లల్ల తిరుగుతున్నది, ప్యాకెట్ మీద బిల్లు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కుండదు. అంటే రేటు కట్టి ఊకుంటే సరిపోదన్నట్టు. ధర కట్టిన సర్కారు తన పరిశోధనల పైసలు పెట్టి సొంత విత్తనం తేవాలె. ప్రభుత్వ సంస్థలు 2009ల బికనేరి నర్మ అని ఒక బీటీ రకం ఇడిసినయ్. రైతు దాని గింజ దాచుకొని మళ్ల పెట్టుకోవచ్చు. అండ్ల మాన్‌శాంటో జన్యువు కలిసిందని వివాదం లేచి ఆపేసిన్రు. అదొక్కటి సక్కగ నడిచి ఉంటే ఈ పోస్టు రాసే పనే ఉండకపోవు అనిపిస్తది మాకు.

ఎరువుల ముచ్చట కొద్దిగనే చెప్తం, మీకు తెలిసిందే. 2010 ఏప్రిల్‌ల పోషకాధారిత సబ్సిడీ అని తెచ్చి డీఏపీ, పొటాష్ రేట్లు కంపెనీలకు ఇడిసిపెట్టిన్రు. యూరియా మాత్రం పట్టుకున్నరు. అంతకుముందు డీఏపీ బస్తా 470 లోపల ఉండె, రెండేండ్లల్ల 1,200 చుట్టూ తిరిగింది. యూరియా అగ్గువకు దొరుకుతుంటే రైతు ఏం చేస్తడు? దేశంల నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 2009-10ల 4.3:2:1 నిష్పత్తిల ఉండె, 2012-13కు 8.2:3.2:1 అయింది. భూమికి అన్నం మానిపిచ్చి చాయ తాపినట్టు. సగం గేటు తీసి సగం మూస్తే అట్లనే అయితది. ఇగ పట్టుకున్న యూరియా సంగతి? 2025 ఆగస్టుల చెప్పులు లైన్ల పెట్టి రాత్రంత కావలి ఉన్నది ఎవరు? మన అమ్మలే. అందుకే రెండో అన్న కూడా సగం తప్పు అంటున్నం. సర్కారు రేటు కాగితం మీద 266 రూపాయల 50 పైసలే, బస్తా లేకపాయె.

ఇప్పుడు అమ్మే కాడికి వద్దం. అసలు గాయం ఆడనే ఉన్నది.

2020ల మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చినప్పుడు మేం స్కూల్‌ల ఉన్నం. రైతు ఏడనైనా అమ్ముకోవచ్చు, ఎవనికైనా అమ్ముకోవచ్చు అని చెప్పిన్రు. 2021 నవంబర్‌ల వాపస్ తీసుకున్నరు, మంచిదే. కని మా ఊర్లల్ల ఆ చట్టాలు రాకముందు ఏమున్నదో పోయినంక కూడా గదే ఉన్నది. మా నలుగురిల ఒకని ఇల్లు చెప్తం. వాళ్ల తాత భూమి మిడ్ మానేరు కింద మునిగింది. పరిహారం వచ్చింది, అక్క పెండ్లికి, ఇంటికి, అప్పుకు పోయింది. ఇప్పుడు నాయిన నాలుగెకరాలు కౌలుకు చేస్తడు. పట్టా వేరేటోళ్ల పేరు మీద ఉన్నది, కాబట్టి బ్యాంకు లోను రాదు. జూన్‌ల విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒక్క దుకాణంల ఉద్దెర. నూటికి రెండు రూపాయల మిత్తి. పంట వచ్చినంక అదే దుకాణానికి పత్తి పొయ్యాలె, అది నోటి మాట, కాగితం ఉండదు. 2025ల సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌ల నమోదు, స్లాట్, తేమ 12 శాతం దాటొద్దు, అవన్నీ ఉన్నయ్. ఎకరానికి 12 క్వింటాళ్లు కొనేది 7కు తగ్గించిన్రు. పట్టాదారు ఆధార్ కావాలె, ఆయన హైదరాబాద్‌ల ఉంటడు. ఇగ దుకాణపాయన 6,800 కట్టిండు. 15 క్వింటాళ్లు పోసిన్రు. మద్దతు ధరకు ఇరవై వేలకు 350 తక్కువ. మా దోస్తు హాస్టల్‌ల చేరినప్పుడు పెట్టె, పరుపు, పుస్తకాలు కొనడానికి నాయిన తెచ్చిన అప్పు కూడా అంతే ఉంటది.

ఇప్పుడు చెప్పుండ్రి, ఈయనకు స్వేచ్ఛా మార్కెట్ ఏంది? వంద మంది వ్యాపారులు వచ్చి రోడ్డు మీద నిలబడ్డా ఈయన ఒక్కనికే అమ్ముతడు, ఎందుకంటే ఆయనకే బాకీ ఉన్నడు. చట్టం గొలుసు తీసేసింది అంటరు. ఈ గొలుసు చట్టం వేసింది కానే కాదు కదా, తియ్యడానికి. బీహార్‌ల 2006లనే మార్కెట్ కమిటీల చట్టం రద్దు చేసిన్రు. కమిటీలు లేకపోతే వ్యాపారులు ఎగబడి వచ్చి గోదాములు కట్టి రేటు పెంచాలె కదా. ఆడి రైతు మాత్రం ఇయ్యాలటికీ మక్కలు, వడ్లు మద్దతు ధర కంటె తక్కువకు అమ్ముకుంటున్నడు.

పైంగ గేటు ఇటే కాదు, అటు కూడా తీస్తరు. బయటి పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఉండె. 2025 ఆగస్టు 19 నుంచి తీసేసిన్రు, సెప్టెంబర్ 30 దాకా అన్నరు, మళ్ల డిసెంబర్ 31 దాకా పొడిగించిన్రు. మన పత్తి కల్లానికి వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకనే. మిల్లులకు పత్తి చవకగ దొరకాలె, అమెరికా సుంకాలతోటి బట్టల ఎగుమతి దెబ్బతిన్నది అని కారణం చెప్పిన్రు. కారణం ఉత్తదేం కాదు. కని అమెరికా వేసిన సుంకం భారం తిరుపూరు ఓనరు మీది నుంచి జారి జారి బోయినపల్లి కౌలు రైతు మీద పడ్డది. లాభాలు పైకి పోతుంటే మాత్రం మన మెట్టు మీద ఎప్పుడూ ఆగవు.

ఆ పత్తి బట్టయ్యే సంగతి కూడా చూద్దం, సిరిసిల్ల మనకు దూరమేం కాదు. చేనేతకు రక్షణ అని 1985ల చట్టం చేసి 22 రకాల గుడ్డ మగ్గం మీదనే నెయ్యాలె అన్నరు, తర్వాత దాన్ని 11కు తెచ్చిన్రు. అదే 1985ల జౌళి విధానం మర్లి మరమగ్గాలకు తొవ్వ ఇచ్చింది. 1993ల లైసెన్సుల పద్ధతి కూడా పోయింది. చేతిమగ్గాలు పోయి సిరిసిల్లంత సాంచాల చప్పుడు అయింది. చేతిమగ్గాన్ని మరమగ్గం మింగింది, సిరిసిల్ల పాలిస్టర్ గుడ్డను సూరత్, భివండి మింగజూసినయ్. నూలు బయటి నుంచే రావాలె, రేటు బయటోళ్లే కట్టాలె, మధ్యల ఆసామికి, కార్మికునికి మిగిలేది మీటరుకు పైసలల్ల. 2000 తర్వాత ఆ ఊర్ల ఎంతమంది నేతన్నలు ఉరి పోసుకున్నరో మనందరికీ తెలుసు. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది, ఏడాదికి కోటి చీరల లెక్క, సాంచాలు ఊపిరి పీల్చుకున్నయ్. 2024ల ఆ ఆర్డర్ ఆగింది, సాంచాలూ ఆగినయ్. తర్వాత మహిళా సంఘాల చీరలని మళ్ల ఆర్డర్ ఇచ్చిన్రు. కొనేది సేటు అయినా సర్కారు అయినా, కొనేటోడు ఒక్కడే అయితే నేసేటోని బతుకు ఆయన మూడ్ మీద ఉంటది. రెండో అన్నా, ఇది నీకోసం.

జీసీసీ ముచ్చట కూడా అందుకే తెస్తున్నం. మన దిక్కు షెడ్యూల్డ్ ఏరియా కాదు, కని ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు నుంచి వచ్చిన రూమ్మేట్లు చెప్తరు. 1956ల విశాఖల గిరిజన సహకార సంస్థ పెట్టిన్రు, షావుకారు చింతపండుకు ఉప్పు ఇచ్చి మోసం చేస్తుండె కాబట్టి. 1979 రెగ్యులేషన్‌తోటి షెడ్యూల్డ్ ప్రాంతాల్ల అటవీ ఉత్పత్తులు కొనే హక్కు దానికే ఇచ్చిన్రు. తునికాకు 1971 చట్టంతోటి అటవీ శాఖ చేతికి పోయింది. షావుకారు పట్టు కొంత సడలింది, ఎవ్వరూ కాదనరు. కని జీసీసీ మనిషి సంతకు రాని వారం కాయ ఎవనికి అమ్మాలె? వేరేటోనికి అమ్మితే అది నేరం. 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు గ్రామసభది, ఏరుకొచ్చినోళ్లది అన్నయ్. అక్షరం వచ్చి ఇన్నేండ్లయింది. గ్రామసభ చేతిల కాంటా ఉన్నదా, గోదాం ఉన్నదా, సరుకు ఒక నెల ఆపుకునే పెట్టుబడి ఉన్నదా? అవి లేకపోతే హక్కు పత్రం ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించుకోవాల్సిందే.

కాబట్టి మా లొల్లి కంట్రోల్ ఉండాలా పోవాలా అని కాదు. గుత్తాధిపత్యం ఉన్న కాడ, పత్తి గింజ లెక్క, ధర కట్టాల్సిందే. ఎవరెన్ని పేపర్లు రాసినా ఇండ్ల మేం తగ్గం. మిగిలిన కాడ మనోళ్లు లోపలికి పోయే ఖర్చు తగ్గించుమని అడుగుదం. కౌలు రైతుకు కార్డు ఇయ్యాలని 2011లనే చట్టం ఉన్నది, దానితోటి బ్యాంకు లోను రావాలె. మాకు తెలిసిన కౌలు ఇండ్లల్ల ఆ కార్డు ఒక్కరి కాడ కూడా కనబడలే. ఆ కార్డు చేతిల ఉంటే జూన్‌ల దుకాణపాయన గడప తొక్కే పని లేదు, నవంబర్‌ల ఆయన కాంటా మీద పత్తి పోసే పని లేదు. సీసీఐల సాగు చేసేటోని పేరు మీద నమోదు కావాలె, పట్టాదారు పేరు మీద కాదు. మన పిల్లలు బీఎస్సీ అగ్రికల్చర్ చదివి వచ్చినంక ఎరువుల దుకాణం లైసెన్సు, దానికి పెట్టుబడి ఎస్టీ కార్పొరేషన్ నుంచి దొరకాలె. కారు లోను ఇస్తరు, ఆటో లోను ఇస్తరు, గొర్లు ఇస్తరు. విత్తన దుకాణానికి, జిన్నింగ్‌ల వాటాకు మనం అడగనే అడగలే. ఎందుకు అడగలే? వ్యాపారం మనది కాదు అని మనకు మనమే అనుకున్నం. సేవాలాల్ మహారాజ్ కాలంల లంబాడోళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం దేశమంత తిప్పిన వ్యాపారులే కదా. ఆ తొవ్వ మూసింది రైలు, బ్రిటిషోడు. ఎడ్ల బిడారానికి పోటీగ రైలు వచ్చినప్పుడు కూడా ఎవడో ఒకడు అని ఉంటడు, రవాణా చవక అయితది, అందరికీ మంచిది అని. చవక అయింది కూడా. మనం కూలోళ్లమైనం.

మొదటి అన్న మీద మాకు కోపం లేదు. ఆయన కూడా మన తండా పిల్లగాడే, సివిల్స్‌కు చదువుతున్నడు, పుస్తకంల అట్ల ఉన్నది, రాసిండు. కని పుస్తకం ఇంకో పేజీ తిప్పితే కొన్నేండ్ల తర్వాతి లెక్క కూడా ఉంటది అన్నా.

ఇగ పని. ఈ వానాకాలం విత్తనాలు కొనేటప్పుడు మీ ఇంట్ల ఉద్దెరకు తెచ్చినా సరే బిల్లు అడుగుండ్రి. ఇయ్యకపోతే ప్యాకెట్ మీద లాట్ నంబరు, ధర, తీసుకున్న తారీఖు ఫోన్ల ఫోటో తీసి దాచుండ్రి. పత్తి అమ్మినప్పుడు కాంటా చీటీ, తరుగు ఎంత తీసిన్రు, ఏ రేటు కట్టిన్రు, మిత్తి ఎంత పట్టుకున్నరు, అది కూడా. దుకాణం పేరు గ్రూపుల పెట్టొద్దు, లొల్లి ఇంట్లోళ్ల మీదికి వస్తది, మాకు పర్సనల్‌గ పంపుండ్రి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల దిక్కు నుంచి ఒక యాభై ఇండ్ల కాగితాలు వచ్చినా డిసెంబర్ సెలవులల్ల మేం నలుగురం కూసొని ఎక్సెల్‌ల ఎక్కిస్తం. దాన్ని పట్టుకొని కలెక్టరేట్ ప్రజావాణికి పోదం. మాతోటి వచ్చేటోళ్లు కింద పేరు, మండలం రాయుండ్రి.